నిలుచుటయా, కదలుటయా?

వెల్లిచందై యను మన యూరిపేరునకు శుక్రవారపు సంత యని యర్థము. సంత యనునది కదలికతో కూడిన వస్తువు. వారమున కొకనాడు నలుదిక్కులనుండి జనులు వచ్చి కూడుదురు. ప్రొద్దు వాలగానే ఎవరిదారిని వారు పోవుదురు. అయినను సంత కూడుచోటు మాత్రము కదలదు. అది నిలిచియున్నది గనుకనే వచ్చువారికి దారి తెలియుచున్నది. నిలకడ, కదలిక యను నీ రెండును మానవజీవితమున ఒకదానిని విడిచి మఱియొకటి యుండజాలవు. అయినను, ఆపద ముంచుకొని వచ్చిన వేళ నాయకుడైనవాడు తన రక్షణవలయమునందే నిలువవలెనా, లేక దానిని విడిచి తానే పరుగు తీయవలెనా యను ప్రశ్న పుట్టినప్పుడు, లోకము రెండు పక్షములుగా చీలి వాదించుచునే యున్నది. ఈ వాదము మన బారామహలు సీమకు క్రొత్త గాదు. ఐనను దీనిని నేడు మిక్కిలి వేడిగా వాదించుచున్నవారు అమెరికా దేశపు క్రీడాభిమానులు. కావున ముందుగా వారి యాటను గూర్చి చెప్పి, పిమ్మట మన కొండలకును కోటలకును వత్తును.

మన కుటుంబములలో అనేకుల పిల్లలు నేడు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వారు చెప్పుకొను మాటలలో ఫుట్‌బాల్ అను పదము తఱచుగా వినవచ్చును. అది మనము బడిలో కాలితో తన్నిన బంతి గాదు. రెండుకొనలును మొనదేరిన తోలుబంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఎదుటివారి హద్దు దాటించు ఆట. హద్దునుండి హద్దునకు మైదానము 100 గజములు. ఒక్కొక్క పక్షమున 11 మంది. బంతిగల పక్షమునకు 4 ప్రయత్నము లిత్తురు; ఆ నాలుగింటిలో 10 గజములైనను ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు. సాగనిచో బంతి ఎదుటివారిది. కబడ్డీవలె ఇదియు హద్దుల యాట, పట్టుల యాట. భూమిని గజములలో కొలిచి గెలుచుకొను ఈ పద్ధతి, కొలతగొలుసుతో పొలములు కొలిచిన రెవెన్యూ కచేరీవారికి సులువుగా నర్థమగును.

ఈ యాటలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు సేనాపతి. ప్రతి ప్రయత్నమునందును బంతి మొదట ఇంచుమించుగా అతని చేతికే వచ్చును. అతడు దానిని పక్కవానికి అందించి పరుగెత్తించవచ్చును. ముందుకు పోయిన తనవారికి దూరముగా విసరవచ్చును. లేదా తానే తీసికొని పరుగిడవచ్చును. విసరుటకై అతడు నాలుగైదడుగులు వెనుకకు జరుగగా, భారీకాయులైన అయిదుగురు అతనిముందు అర్ధచంద్రాకారముగా నిలిచి, మీదపడు శత్రువులను తమ దేహములతో ఆపుదురు. ఆ అయిదుగురి నడుమ ఏర్పడు చిన్న చోటునకు పాకెట్ అని పేరు. పాకెట్టనగా జేబు గదా! మనమైతే దానిని కోట యందుము. ఆ కోట ఆయువు సుమారు మూడు సెకండ్లు. ఆ మూడు సెకండ్లలో అతడు దూరమునకు చూడవలెను, ఎవడు ఖాళీగా నున్నాడో గుర్తింపవలెను, విసరవలెను. కోట గోడ పగులుచున్నట్లు తోచినప్పుడు ఏమి చేయవలెను? అక్కడనే నిలిచి విసరవలెనా? కోట విడిచి పరుగెత్తవలెనా? ఇదియే ప్రశ్న.

నిలువవలె ననువారి వాదము బలమైనది. బంతి యందుకొనువారు ఇన్ని యడుగులు ముందునకు పోయి, ఇచ్చోట తిరుగవలెనని ముందే నిర్ణయించుకొని సాగుదురు. నాయకుడు తన చోట నున్నప్పుడే ఆ లెక్క సరిపోవును. రక్షకులు అతనికి వీపు చూపి పోరాడుదురు గనుక, అతడెచట నున్నాడో వారు కన్నులతో చూడజాలరు, నమ్మకముతోనే ఎఱుగుదురు. అతడు చెప్పక కదలినచో, వారు ఖాళీచోటును కాపాడుచున్నవా రగుదురు. తొందరలో శత్రువును చేతులతో పట్టి యాపినచో అది తప్పిదమై, 10 గజముల దండన పడును. కావున నాయకుని పరుగు అతని యొక్కనికి సంబంధించినది గాదు. అయిదుగురి నమ్మకమునకు సంబంధించినది.

పరుగెత్తవచ్చు ననువారి వాదము లెక్కమీద నాధారపడినది. నాయకుడు బంతిని మఱియొకని కిచ్చి తాను చూచుచు నిలిచినచో, అతని పక్షమున పని చేయువారు పదిమందియే. ఎదుటి పక్షమున పదునొకండుగురు. అతడే పరుగెత్తినచో ఉభయపక్షములు సమానము లగును. అంతేగాక, ఇతడు పరుగెత్తగలడని తెలిసిన యెడల శత్రువు ఒకనిని ఇతని కాపలాకే నియోగింపవలసి వచ్చును. ఆ యొకడు తగ్గినచోటనే ద్వారము తెఱచుకొనును. అనగా పరుగెత్తకున్నను, పరుగెత్తగల శక్తియే ఒక యాయుధము.

చరిత్రను బట్టి చూచిన యెడల ఒక వింత గోచరించును. నిలుచుట పూర్వాచారమనియు, పరుగు నూతనపు వికారమనియు పలువురు తలతురు. నిజమునకు మొదట పరుగే యుండెను. వాల్టర్ క్యాంప్ అను నతని ప్రతిపాదనమువలన 1880లో ఆటగాండ్ర సంఖ్య 11కు తగ్గెను. బంతిని పాదముచెంతనుండి వెనుకకు అందించు పద్ధతి యేర్పడెను. 1882లో ఇన్ని ప్రయత్నములకు ఇన్ని గజములు అను నియమము వచ్చెను. అప్పటికి బంతిని ముందునకు విసరుటకే అనుమతి లేదు. గుంపులు గుంపులుగా ఢీకొనుటయే ఆట. విద్యార్థులు గాయపడి మరణించుచుండుటచే, 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను విద్యాలయములవారిని పిలిపించి ఈ విషయము మాటలాడెను. 1906లో బంతిని ముందునకు విసరుట అంగీకృతమయ్యెను. 1913లో నోటర్‌డేమ్ విద్యాలయము సైనిక విద్యాలయమువారిని 35–13 తో ఓడించినప్పుడు విసరుటలోని బలము దేశమునకు తెలిసెను. 1933లో వృత్తిక్రీడాసంఘమువారు, ఆటరేఖకు వెనుక ఎచటనుండియైనను విసరవచ్చునని నియమము సడలించిరి. అంతవరకు రేఖకు అయిదుగజముల వెనుకనుండియే విసరవలసి యుండెను.

ఆ కాలమున బంతి వెనుకనున్న యొక వీరునికి నేరుగా పోవుచుండెను. పరుగెత్తువాడును, విసరువాడును అతడే. 1940 డిసెంబరు 8వ తేదీన షికాగో జట్టు ‘టీ’ అను నూతన వ్యూహముతో వాషింగ్టను జట్టును 73–0 తో మట్టి కఱపించెను. నాటి షికాగో నాయకుడు సిడ్ లక్మన్. ఈ వ్యూహమున నాయకుడు నడిమివాని వెంటనే నిలిచి బంతిని చేత నందుకొనును. తాను ఢీకొనుట తక్కువ, పంచిపెట్టుట ఎక్కువ. తక్కిన జట్లును ఈ మార్గమునే యనుసరింపగా, నాయకుడు యోధుడుగా గాక మంత్రిగా మాఱెను. 1958 డిసెంబరులో న్యూయార్కునందు జరిగిన అంతిమ పోటీలో బాల్టిమోరు నాయకుడు జానీ యూనిటస్, అదనపు సమయమున జట్టును 23–17 తో గెలిపించి, కోటలో నిలుచు నాయకునికి ఆదర్శముగా నిలిచెను.

అటులుండగా 1961 సెప్టెంబరులో మినెసోటా పక్షమున ఫ్రాన్ టార్కెంటన్ అను యువకుడు బరిలో దిగెను. తొలి యాటయందే నాలుగు మారులు విసరి, ఒక మారు తానే పరుగెత్తి, మొత్తము అయిదు గెలుపుగీట్లు దాటించి షికాగోను ఓడించెను. కోట పగిలినప్పుడు ఇతడు కుడికి, ఎడమకు, వెనుకకు చిక్కక తిరుగుచుండును. ఇతని శిక్షకుడు నార్మ్ వాన్ బ్రాక్లిన్ స్వయముగా మహాక్షేపకుడు. 1951లో ఒక్క యాటలో 554 గజములు విసరినవాడు. నిలిచి విసరుటయే ధర్మమని నమ్మినవాడు. వారిరువురకు పొసగలేదు. 1967లో ఇద్దఱును ఆ జట్టును విడిచిరి. టార్కెంటన్ పిమ్మట మరల మినెసోటాకు వచ్చి, 1978లో విరమించునాటికి 47,003 గజములు విసరి, 342 గెలుపుగీట్లు తన విసురుచే దాటించి, ఆ రెండింటను అప్పటికి ప్రథముడుగా నుండెను. తాను పరుగెత్తినది 3,674 గజములు. పరుగెత్తుటచే పేరుపొందినవాడు విసరుటలో అందఱిని మించెను! ఏలయన అతని పరుగు భూమికొఱకు గాదు. మఱి మూడు సెకండ్ల కాలముకొఱకు. కాళ్లు పరుగెత్తుచున్నను కన్నులు ముందున్న తనవారిమీదనే యుండెను. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

ఫలితమునుబట్టి తీర్పు చెప్పబోయినచో త్రాసు తూగదు. టార్కెంటన్ మూడు మారులు సూపర్‌బౌల్ అను అంతిమ పోటీకి చేరి మూడు మారులు ఓడెను. పరుగు వ్యర్థమనుటకు ఇది చాలునా? అట్లయిన, నిలిచి విసరుటలో సాటిలేని డాన్ మరీనో 1984లో 5,084 గజములు, 48 గెలుపుగీట్లు సాధించియు, 1985 జనవరిలో జరిగిన అంతిమ పోటీలో ఓడెను. మరల ఆ గడప త్రొక్కనే లేదు. ఆనాడు అతనిని ఓడించిన జో మోంటానా అవసరమైనచోట 59 గజములు పరుగెత్తెను. టామ్ బ్రేడీ మిక్కిలి తక్కువగా పరుగెత్తువాడు. ఏడు మారులు అంతిమ విజయము పొంది 45 ఏండ్ల వయస్సువఱకు ఆడెను. స్టీవ్ యంగ్ చక్కగా పరుగెత్తగలవాడు. 1995 జనవరిలో అంతిమ పోటీనందు ఆఱు గెలుపుగీట్లు విసరి గెలిచెను. లమార్ జాక్సన్ 2019లో 1,206 గజములు పరుగెత్తి, 36 గెలుపుగీట్లు విసరి, ఏకగ్రీవముగా శ్రేష్ఠుడని యెన్నికయయ్యెను. అయినను ఆ యేటి తుదిపోటీల తొలిమెట్టుననే అతని జట్టు ఓడెను.

ప్రాణభయమును బట్టి నిర్ణయింతమన్నను అదియు కుదరదు. పరుగెత్తిన రాబర్ట్ గ్రిఫిన్ అను యువకుని మోకాలు 2013 జనవరిలో దెబ్బతినెను; ఆ మొదటి యేటి వెలుగు అతనికి మరల రాలేదు. కాని 1985 నవంబరు 18న జో థీస్మన్ కాలు విఱిగినది కోటలో నిలిచియుండగనే. అతడు మరల ఆడలేదు. నిలిచినవానికి వెనుకనుండి వచ్చు దెబ్బ కానరాదు. పరుగెత్తువానికి ఎదుటి దెబ్బ కానవచ్చినను తప్పదు.

ఈ వాదములో క్రీడాశాస్త్రమునకు సంబంధింపని కల్మష మొకటి చాలకాలము దాగియుండెను. ఆఫ్రికా సంతతికి చెందిన నల్లవారు పరుగునకే తగినవారనియు, కోటలో నిలిచి ఆలోచించి నడుపు పని వారికి చేతగాదనియు అమెరికా శ్వేతజాతీయులలో ననేకులు భావించుచుండిరి. 1968లో మార్లిన్ బ్రిస్కో డెన్వరు పక్షమున నాయకుడై 14 గెలుపుగీట్లు విసరెను. మఱుసటి యేడు అతనికి ఆ పదవి లేదు. మఱియొక జట్టులో చేరి, ఇతరులు విసరిన బంతిని అందుకొనువాడుగా ఆడవలసి వచ్చెను. వారెన్ మూన్ 1978 జనవరిలో తన విశ్వవిద్యాలయమునకు ప్రఖ్యాతమైన రోజ్‌బౌల్ గెలిచి పెట్టెను. ఆ యేడు వృత్తిజట్లు ఆటగాండ్రను ఎన్నుకొన్నప్పుడు అతనిపేరు ఎవరును పిలువలేదు. అతడు కెనడాకు పోయి, ఎడ్మంటను జట్టుతో వరుసగా అయిదేండ్లు ఆ దేశపు అంతిమ విజయమును పొందెను. పిమ్మటనే 1984లో హ్యూస్టనువారు పిలిచిరి. 1988 జనవరి 31న డగ్ విలియమ్స్ ఒక్క పావుభాగమునందే నాలుగు గెలుపుగీట్లు విసరి, 42–10 తో సూపర్‌బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి నాయకుడయ్యెను. 2023 ఫిబ్రవరి 12న అంతిమ పోటీలో ఇరుపక్షముల నాయకులును నల్లజాతివారే. జేలెన్ హర్ట్స్ పరుగుతో మూడు గెలుపుగీట్లు దాటెను. అదే హర్ట్స్ చేతినుండి పరుగువేళ జాఱిన బంతిని శత్రువు గెలుపుగీటుగా మార్చుకొనెను. ప్రతిపక్షి పాట్రిక్ మహోమ్స్ చీలమండ నొప్పితో కుంటుచున్నను, చివరి ఘట్టమున తప్పనిసరియై 26 గజములు పరుగెత్తెను. అతని జట్టు 38–35 తో గెలిచెను. 2025 ఫిబ్రవరిలో హర్ట్స్ మరల మహోమ్స్‌నే యెదిరించి 72 గజములు పరుగెత్తి గెలిచెను.

కావున “ఇతడు పరుగెత్తువాడు, అతడు నిలుచువాడు” అని మనుష్యుని పుట్టుకను చూచి ముద్రవేయుట ఎంతటి యన్యాయమో ఈ చరిత్రవలన తెలియుచున్నది. ఎప్పుడు నిలువవలెనో, ఎప్పుడు కదలవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యమే నాయకత్వము. అది లేనిచో నిలుచుట బందిఖానా, పరుగు పారుబోతుతనము.

ఇక మన చరిత్రకు వత్తము. 1520లో రాయచూరుచెంత జరిగిన యుద్ధమున, విజయనగరపు ముందుదళము శత్రువుల ఫిరంగుల తాకిడికి చెదరి వెనుకకు తిరిగెను. రెండవ దళముతో నున్న శ్రీకృష్ణదేవరాయలు అప్పుడు గుఱ్ఱమెక్కి స్వయముగా ముందునకు సాగి సేనను మరల కూడదీసెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు. మొదటినుండియు ముందున దుముకలేదు. కోట పగిలిన క్షణమున కదలెను. నలువదియైదేండ్ల పిమ్మట, 1565 జనవరిలో, వృద్ధుడైన అళియ రామరాయలు పల్లకిలో నుండియే యుద్ధము నడిపెననియు, గుఱ్ఱమెక్కుమన్న హితవు వినలేదనియు ఫిరిస్తా చెప్పుచున్నాడు. రక్షకులు చెదరగనే అతడు చిక్కెను, శిరస్సు పోయెను, సామ్రాజ్యము కూలెను. ఇచట నిలుచుట తప్పని తేలికగా చెప్పవచ్చును. కాని బారామహలు చరిత్ర అంత తేలికగా తీర్పు చెప్పనీయదు.

1767లో ఇంగ్లీషువారికిని హైదరాలీకిని జరిగిన మొదటి మైసూరు యుద్ధమునకు మన సీమయే రంగము. ఆ వేసవిలో ఇంగ్లీషువారు కృష్ణగిరి కొండకోటను పట్టబోయి విఫలులైరి. హైదరు కనుమలు దిగి కావేరిపట్టణమును పట్టుకొనెను. కాని సెప్టెంబరులో చెంగమువద్దను, తిరువణ్ణామలై వద్దను కర్నలు జోసెఫ్ స్మిత్తు నెదుట నిలిచి పోరాడినప్పుడు రెండు మారులును అతనికి ఓటమియే కలిగెను. నిలిచి పోరాడిన ఇంగ్లీషు కాలిబలమును నిలిచి గెలువజాలనని హైదరు గ్రహించెను. అతని బలము గుఱ్ఱములయందుండెను. మఱుసటి యేడు మే నెలలో కృష్ణగిరి ఇంగ్లీషువారి వశమయ్యెను. స్మిత్తు నడచిన చోట హైదరు లేడు. స్మిత్తు విడిచిన చోట హైదరున్నాడు. పైగా చెన్నపట్టణపు సభవారు తమ సభ్యుల నిద్దఱిని సేనవెంట పంపి సేనాపతి చేతులు కట్టివేసిరి. నవంబరులో స్మిత్తును వెనుకకు పిలిచిరి. 1768 ముగియులోపల హైదరు కనుమలు దిగి బారామహలు కోటలను ఒకదాని వెంట నొకటి మరల పట్టుకొనెను.

1769 మార్చిలో హైదరు చేసిన పని యుద్ధచరిత్రలో ప్రసిద్ధము. బరువైన ఫిరంగులను, కాలిబలమును వెనుకకు పంపి, ఏఱిన 6000 మంది రౌతులతో, మూడున్నర దినములలో సుమారు 130 మైళ్లు పయనించి, చెన్నపట్టణపు పొలిమేరనున్న పరంగికొండచెంత దిగెను. స్మిత్తు సేన ఎక్కడనో వెనుక నుండిపోయెను. కోటలో కూర్చున్న సభవారు సంధికి ఒప్పుకొనక తప్పలేదు. ఏప్రిలులో జరిగిన ఆ సంధివలన ఉభయులును తాము పట్టిన ప్రదేశములను తిరిగి యిచ్చుకొనిరి. ఒకరి కాపద వచ్చిన నొకరు తోడ్పడవలెననియు వ్రాసికొనిరి. మరాఠీలు మైసూరుపై వచ్చినప్పుడు ఇంగ్లీషువారు ఆ మాట నిలుపుకొనలేదనుట వేఱు సంగతి.

హైదరు పరుగు టార్కెంటన్ పరుగువంటిది. చెన్నపట్టణమును పట్టుట అతని యుద్దేశము గాదు; సంధి యొక్కటే అతని చూపు. అతని కాళ్లెటు పోయినను కన్ను ఆ గుఱిమీదనే యుండెను.

1790 నవంబరులో మన ధర్మపురి సీమయందే ఈ ప్రశ్నకు మఱింత చక్కని యుదాహరణము దొరకినది. కర్నలు మాక్స్‌వెల్ అను నతడు ఇంగ్లీషు సేనలో నొక భాగముతో బారామహలులో ప్రవేశించి కావేరిపట్టణము చెంత నుండెను. సేనాధిపతి మెడోసు దక్షిణమున దూరముగా నుండెను. వారిరువురు కలియకమునుపే మాక్స్‌వెల్‌ను చితుక గొట్టవలెనని టిప్పు సుల్తాను వేగముగా వచ్చెను. మొదటి దినముననే ఇంగ్లీషు గుఱ్ఱపుదళ మొకటి, పాఱిపోవుచున్నట్లు నటించిన మైసూరు రౌతులను తఱుముచు ఇఱుకు దారిలో చిక్కి, మనుష్యులను గుఱ్ఱములను పోగొట్టుకొనెను. తక్కిన సేన బలమైన చోట నిలిచి యుండెను. టిప్పు రెండు మూడు దినములు ఎదుట మోహరించి, కవ్వించి, బయటకు లాగజూచెను. మాక్స్‌వెల్ కదలలేదు. మెడోసు వచ్చునను నమ్మకమే అతని కోటగోడ. మెడోసు వచ్చెను, ఇరుసేనలు కలిసెను. కావున నిలుచుటయే అచట జయము.

కాని కథ అంతటితో ముగియలేదు. ఇప్పుడు చిక్కవలసినవాడు టిప్పు. ధర్మపురికి దక్షిణమున సేలము దారిలో తొప్పూరు కనుమ గలదు. నేడు లారీలు, బస్సులు ఆ దిగుడులో భయభయముగా పోవుట మనమెఱుగుదుము. ఆ కనుమ దాటి టిప్పు దక్షిణమునకు జాఱవలెను. దానిని మూసి అతనిని పట్టవలెనని ఇంగ్లీషువారు బయలుదేరిరి. ఇరుపక్షములు ఒకే ఇఱుకు ద్వారమునకు పరుగిడినవి. టిప్పు తన సేనను సామగ్రితో సహా చిక్కకుండ దాటించుకొని పోయెను. ఒక్క నెలలో, ఒక్క సీమలో, ముగ్గురు మూడు విధముల నడచిరి. గుఱిలేక పరుగెత్తిన గుఱ్ఱపుదళము నష్టపడెను; గుఱితో నిలిచిన మాక్స్‌వెల్ గట్టెక్కెను; గుఱితో పరుగెత్తిన టిప్పు తప్పించుకొనెను.

టిప్పు గుఱి తొప్పూరు దాటిన పిమ్మట చెదరెను. అతడు తిరుచిరాపల్లి వైపునకు, అటనుండి తిరువణ్ణామలైకి, పుదుచ్చేరి పరిసరములకు తిరుగుచు, ఫ్రెంచివారి సాయమునకై కాలము గడపెను. ఇంతలో కార్న్‌వాలిసు ప్రభువు స్వయముగా సేనాధిపత్యము వహించి, 1791 మార్చిలో బెంగుళూరు కోటను పట్టుకొనెను. 1792 మార్చి సంధితో బారామహలు ఇంగ్లీషు కుంపిణీ పాలయ్యెను. 1799 మే 4న శ్రీరంగపట్టణపు కోట పగిలినప్పుడు టిప్పు ఆ కోటలోనే పోరాడి మరణించెను. బ్రతుకెల్ల గుఱ్ఱముమీద గడపిన వంశమునకు అంతము కోటగోడచెంత కలిగెను.

యుద్ధము ముగిసినను ప్రశ్న ముగియలేదు. అది కచేరికి మాఱెను. 1792లో బారామహలు పాలనకు కాప్టెను అలెగ్జాండర్ రీడు నియుక్తుడయ్యెను. అతని సహాయకులలో నొకడు థామస్ మన్రో. మన్రో 1799 వఱకు మన సీమయందుండెను. శిస్తు వసూలునకు రెండు మార్గములు గలవు. పెద్ద పెద్ద జమీందారులతో ఒక్కమారు లెక్క తేల్చుకొని కచేరిలో కూర్చుండుట యొకటి. 1793లో వంగదేశమున స్థిరపఱచినది ఇట్టి పద్ధతియే. పొలమును కొలిపించి, రైతు రైతుతో విడివిడిగా మాటలాడుట రెండవది. రీడు, మన్రోలు మన సీమలో మొదలుపెట్టినది ఈ రెండవదే. అదియే రైతువారీ. దానికి గుఱ్ఱము కావలెను, గుడారము కావలెను, ఎండ నోర్చు దేహము కావలెను. పిమ్మట 19వ శతాబ్ది ఆరంభమున సేలము సీమలో మిట్టాదారీ పద్ధతిని ప్రవేశపెట్టి, కదలు పాలనను మరల కూర్చుండబెట్టిరి. మిట్టాలలో పెక్కు నిలువలేదు. మన్రో 1820లో చెన్నపట్టణపు గవర్నరయ్యెను. గవర్నరైనను తిరుగుట మానలేదు. స్వదేశమునకు పోవుటకు సిద్ధపడియుండియు, దత్తమండలములను ఒకమారు చూచి రావలెనని బయలుదేరి, 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండవద్ద కలరా సోకి మరణించెను. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరన్నచో, ఆ తిరుగుడు వ్యర్థము కాలేదనియే చెప్పవలెను. పరదేశి పాలకుడు శిస్తుకొఱకే తిరిగె ననువారు కలరు, అదియు నిజమే. అయినను గట్టుమీద నిలిచి అడిగినవానికిని, కచేరిలో కూర్చుండి వ్రాసికొన్నవానికిని భేదమున్నది.

గుమాస్తాగా జీవితము గడపిన నాకు ఈ భేదము కొంత తెలియును. జమాబందీ దినములలో అధికారి గ్రామమునకు వచ్చినప్పుడు దస్త్రములో లేని సంగతులు పది బయటపడును. కాని ఆ అధికారి అట్లు తిరుగుటకు కచేరిలో ఎవరో ఒకరు కదలక కూర్చుండి దస్త్రమును కాపాడుచుండవలెను. తిరుగువాని పేరు శిలాశాసనముపై నుండును. కూర్చున్నవాని పేరు హాజరుపట్టీలో మాత్రమే యుండును. అమెరికా యాటలోను అంతే. పరుగెత్తిన నాయకుని గజములు పత్రికలో అచ్చగును. ఆ పరుగునకు దారి నిలిపిన అయిదుగురి పేళ్లు చూచినవారిలో ఎందఱికి తెలియును? స్మిత్తు సేనను కృష్ణగిరివంటి కోటలు నెలలతరబడి కట్టివేసినందుననే హైదరు గుఱ్ఱములకు మైదానము దొరకెను. కావున నిలుచుటయు కదలుటయు పరస్పర విరుద్ధములు గావు. నిలిచినవారి బలము మీదనే కదలువాడు కదలును. కదలువాడున్నాడను భయముచేతనే నిలిచినవారిపై ఒత్తిడి తగ్గును.

నా యభిప్రాయమును సంగ్రహముగా నివేదింతును. మొదటి ధర్మము నిలుచుట. ఏలయన తనను నమ్మి వీపు చూపి పోరాడువారికి నాయకుడు ఋణపడి యున్నాడు. గోడ పగులకముందే పాఱుట ఆ ఋణమును ఎగవేయుట. రెండవ ధర్మము కదలుట. గోడ పగిలిన పిమ్మటను పల్లకి దిగకుండుట ధైర్యము గాదు, మొండితనము. మూడవది యన్నిటికంటె ముఖ్యమైనది: కదలినను గుఱి విడువరాదు. కాళ్లు ఎటుపోయినను కన్ను తనవారిమీద నుండవలెను.

మన పూర్వులు విజయనగర కాలమునుండి విడతలు విడతలుగా ఉత్తరమునుండి ఈ సీమకు కదలి వచ్చినవారు. వారు కదలకున్నచో మనమిచట లేము. వచ్చి నిలిచినందుననే పొలములు, బావులు, దేవాలయములు, బంధుత్వములు ఏర్పడినవి. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు అను రెండు పలుకుల జీవితము తరతరములుగా సాగుచున్నది. నేడు మన పిల్లలు బెంగుళూరునకు, హైదరాబాదునకు, అమెరికాకు కదలుచున్నారు. వారిని ఆపుట మనవలన గాదు, ఆపనవసరమును లేదు. “మీరు పరుగెత్తువారు, మేము నిలుచువారము” అని ఇరువురి నడుమ గోడ కట్టుకొనుట మాత్రము తగదు. ఇచట నిలిచినవారు ఇంటిభాషను, ఇంటిలెక్కను కాపాడుచుండవలెను; అచట పరుగెత్తువారు కన్ను ఇటువైపు నుంచవలెను. పెద్దలతో తమిళముననో, ఆంగ్లముననో మాటలాడి ఊరకొను మనుమనికి నాలుగు తెలుగు మాటలు నేర్పుటకు ఫోనున్నది, సెలవులున్నవి, ఈ సంఘమున్నది. లేనిది పూనిక యొక్కటే.

ఆ పూనికయే కలిగినచో, ఎవరు ఎంత దూరము పోయినను తిరిగి వచ్చుటకు ఒక చోటు నిలిచియుండును.